ఆడింది ఒకడు, గెలిచింది ఇంకొకడు

పది గెలుపులు, తొమ్మిది ఓటములు. న్యూయార్క్ మెట్స్ బేస్‌బాల్ జట్టులో బంతి విసిరే పిచ్చర్ జేకబ్ డిగ్రామ్ పద్దులో 2018 సీజన్‌కు రాసి ఉన్నది ఇదే. ఆ ఏడాది అతను 32 మ్యాచ్‌లు మొదలుపెట్టాడు, 217 ఇన్నింగ్స్ విసిరాడు, 269 మందిని స్ట్రైకవుట్ చేసి ఇంటికి పంపాడు. తొమ్మిది ఇన్నింగ్స్‌కు సగటున ఇచ్చుకున్న పరుగులు 1.70. అంటే మ్యాచంతా అతనొక్కడే విసిరితే అవతలివాళ్లకు రెండు పరుగులు కూడా గగనమే. అలాంటివాడికి పది గెలుపులా? కొన్నాళ్లుగా ఈ వ్యాసకర్తకు ఇదే గోల. “ఆయన మీకేమవుతాడండీ?” అని ఇంట్లో అడిగేదాకా వచ్చింది. డిగ్రామే కిమ్మనకుండా ఊరుకుంటే, కందకు లేని దురద కత్తిపీటకెందుకన్నది న్యాయమైన ప్రశ్నే. కానీ దురద దురదే.

క్రికెట్‌లో బౌలర్ పేరు పక్కన ఓవర్లు, పరుగులు, వికెట్లు రాసి వదిలేస్తారు. జట్టు ఓడితే ఆ ఓటమిని కుంబ్లే ఒక్కడి పేర రాయరు. బేస్‌బాల్‌లో మాత్రం ప్రతి గెలుపూ ప్రతి ఓటమీ ఎవరో ఒక పిచ్చర్ నెత్తిన పడాల్సిందే. గెలుపు తన పేర పడాలంటే మొదలుపెట్టినవాడు కనీసం ఐదు ఇన్నింగ్స్ విసరాలి, అతను ఉండగా జట్టు ఆధిక్యంలోకి రావాలి, ఆ ఆధిక్యం చివరిదాకా పోకూడదు. ఏడు ఇన్నింగ్స్ చెమటోడ్చినవాడు దిగిపోయాక, వచ్చినవాడు స్కోరు సమం చేయించి, ఆ వెంటనే తన బ్యాటర్లు పుణ్యం కట్టుకుంటే గెలుపు ఆ రెండోవాడిది! సొమ్మొకడిది సోకొకడిది అన్నది రూల్సు పుస్తకంలోకి ఎక్కిన ఆట ఇదొక్కటే కావచ్చు.

ఏప్రిల్ 16న వాషింగ్టన్ నేషనల్స్ మీద 6–1 ఆధిక్యంతో డిగ్రామ్ ఎనిమిదో ఇన్నింగ్స్‌కు వచ్చాడు. ఒకర్ని అవుట్ చేశాక అతన్ని దించేలోపే బేస్‌ల మీద సందడి మొదలైంది. తర్వాత వచ్చినవాళ్లు తలో చెయ్యి వేశారు. ఆ ఒక్క ఇన్నింగ్స్‌లోనే ఆరు పరుగులు. 8–6తో మెట్స్ ఓడారు. ఆగస్టు 28న షికాగోలో ఎనిమిది ఇన్నింగ్స్‌లో ఒకే పరుగు ఇచ్చాడు. మెట్స్ చేసింది కూడా ఒకే పరుగు. ఆ పరుగు తెచ్చిన దెబ్బ ఎవరిదనుకున్నారు? డిగ్రామ్‌దే! వానకు ఆట ఆగింది, మర్నాడు పూర్తిచేసి 2–1తో ఓడారు.

దేవుడు వరమిచ్చినా పూజారులు తొమ్మిదిమంది.

ఇక్కడ జుట్టు సంగతి చెప్పుకోకపోతే అన్యాయం. డిగ్రామ్ మెట్స్‌లోకి వచ్చినప్పుడు భుజాల మీద పడే జుట్టుతో వచ్చాడు. బంతి విసిరినప్పుడల్లా టోపీ కిందనుంచి అది కూడా ఎగిరి బ్యాటర్ మీదికి వెళ్లబోయేది. అభిమానులు అలాంటి విగ్గులు పెట్టుకుని స్టేడియానికి వచ్చేవారు. 2018 సీజన్ మొదలయ్యేలోపు ఆయన దాన్ని కత్తిరించేశాడు. తిరుమలలో అయితే ప్రతిఫలంగా ఏదో వరం అడిగేవాళ్లం. ఆయన ఏమీ అడిగినట్టు లేదు. ఇప్పుడు లెక్క చూడండి. జుట్టున్న నాలుగేళ్లలో పరుగుల సగటు వరసగా 2.69, 2.54, 3.04, 3.53. జుట్టు పోగానే 1.70. ఈ లెక్కన ఆ సీజన్‌కు వచ్చిన ఉత్తమ పిచ్చర్ బహుమతి, సై యంగ్ అవార్డులో సగం మంగలికి చెందాలి. సరే, గెలుపుల వరస చూద్దామా? 2017లో, అంతటి జుట్టుతో, అన్నన్ని పరుగులిస్తూ, గెలిచినవి 15. కత్తెర పడ్డాక పది. ఈ లెక్కన ఆ మంగలిని బోనెక్కించాలి. ఒకే తల, ఒకే కత్తెర, రెండు తీర్పులు! గెలుపుల కాలమ్‌ను నమ్మితే, పిచ్చర్లకు కోచ్‌లు అక్కర్లేదు, తలనూనె చాలు.

ఈ దరిద్రం మొదటి రోజునుంచే ఉంది. 2014 మే 15న యాంకీస్ మీద తొలి మ్యాచ్. ఏడు ఇన్నింగ్స్‌లో ఒకే పరుగు ఇచ్చాడు, 1–0తో ఓడాడు. పైగా ఆ సీజన్‌లో మెట్స్ పిచ్చర్లెవరూ అప్పటిదాకా ఒక్క హిట్ కొట్టలేదు. ఆ రోజు మొదటిది కొట్టింది ఈయనే. ఇంతకు ముందు మహానుభావుడు నోలన్ రయన్‌కూ ఇదే జరిగింది: 1987లో నేషనల్ లీగ్‌లో అందరికంటే తక్కువ సగటు, అందరికంటే ఎక్కువ స్ట్రైకవుట్లు, లెక్క మాత్రం 8–16. ఆయనకు సై యంగ్ అవార్డు కూడా రాలేదు. డిగ్రామ్ దగ్గరికి వచ్చేసరికి ఓటేసే విలేకరులకు బుద్ధొచ్చింది. 30 మందిలో 29 మంది మొదటి ఓటు అతనికే వేశారు.

న్యూయార్క్‌లో రాత్రి 7.10కి మొదలయ్యే ఆట మనకు తెల్లవారుజామున 4.40కి. పాలవాడికంటే ముందు లేచి, ఫోన్ వెలుతురు దుప్పట్లోనే దాచుకుని, మెట్స్ బ్యాటర్లను తిట్టుకున్నవాడి కడుపుమంట ఇది.

అయితే తిట్టుకుంటూ ఒక సంగతి గమనించలేదెవరూ. డిగ్రామ్ మోచేతికి 2010లోనే ఒకసారి టామీ జాన్ సర్జరీ, అంటే తెగిన లిగమెంటును బాగుచేసే ఆపరేషన్, అయింది. 2021లో అతని సగటు 1.08 ఉండగా, జులైలోనే గాయంతో అతని సీజన్ ముగిసిపోయింది. 2023లో కొత్త జట్టు టెక్సాస్ రేంజర్స్ తరఫున ఆరు మ్యాచ్‌లు మొదలుపెట్టాడో లేదో, మళ్లీ అదే సర్జరీ. ఆ జట్టు మొట్టమొదటిసారి ఛాంపియన్‌ను తేల్చే వరల్డ్ సిరీస్ గెలిచిన అక్టోబరు, నవంబరుల్లో అతను చెయ్యి బాగుచేసుకుంటున్నాడు. 2021 నుంచి 2024 దాకా నాలుగేళ్లలో మొత్తం మొదలుపెట్టినవి 35 మ్యాచ్‌లు. 2018 ఒక్క ఏడాదిలోనే 32. గెలుపు ఎవరి పేర పడిందా అని చూస్తూ కూర్చున్న ఆ తెల్లవారుజాముల్లో, అతను విసరడాన్ని చూస్తే సరిపోయేది.

2025లో 37 ఏళ్ల వయసులో 30 మ్యాచ్‌లు మొదలుపెట్టి, 2.97 సగటుతో అమెరికన్ లీగ్ కమ్‌బ్యాక్ ప్లేయర్ అవార్డు తీసుకున్నాడు. పిచింగ్‌లో అన్ని జట్లలోకీ మేటిగా నిలిచిన ఆ రేంజర్స్ జట్టు మాత్రం 81 గెలిచి 81 ఓడింది, బ్యాటింగ్ చలవ వల్ల. చూడబోతే మెట్స్ బ్యాట్లు ఆయన సామానుతోపాటే టెక్సాస్‌లో దిగినట్టున్నాయి.