అల్లుడు ఏ నెట్‌వర్కు?

ఆళ్లగడ్డలో మా మామగారింటి వైఫైకి పాస్‌వర్డు ఉండేది, రహస్యం మాత్రం ఉండేది కాదు. పాలలెక్క రాసే క్యాలెండరు మీదే, ఆ లెక్క పక్కనే, ఎర్ర స్కెచ్‌పెన్నుతో రాసిపెట్టినారు. పాలు పోసే ఆయన లెక్క సరిచూసుకునే నెపంతో రోజూ అక్కడ అయిదు నిమిషాలు నిలబడేవాడు. పావు లీటరుకు అంత లెక్కేమిటని అడిగినవాళ్లు లేరు.

ఆ ఊళ్లో ఇల్లుంటే చుట్టాలకు కొదవుండదు. అహోబిలం అక్కణ్ణుంచి ఓ పాతిక కిలోమీటర్లు. తొమ్మిది నరసింహులనూ దర్శించుకోవాలని నల్లమల ఎక్కినవాళ్లకు సగం దారిలో సిగ్నలు పోతుంది. సాయంత్రానికి కాళ్లు పీక్కుపోతూ దిగొచ్చి, మంచినీళ్ల కన్నా ముందు పాస్‌వర్డు అడుగుతారు. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలప్పుడైతే అరుగు మీద మనుషుల కన్నా చార్జర్లు ఎక్కువ. నంద్యాలలో మా ఇల్లూ తక్కువ తిన్నదేం కాదు. మహానంది దారిలో ఉంది కాబట్టి, శివరాత్రికి మా ఇంట్లో ఉగ్గాని, బజ్జీ తినకుండా కోనేట్లో మునిగినవాడు మా వంశంలో లేడు.

ఒకరోజు మామ పొద్దున్నే టీవీలో సుప్రభాతం వింటున్నారు. వాకిట్లో కూర్చున్న ఏ పిల్లోడో తన ఫోన్లోని పాటను టీవీకి తోసినాడు. వేంకటేశ్వరస్వామి మేలుకునే లోపలే తెర మీద ఐటెం సాంగు మొదలైంది. అత్తమ్మ హారతిపళ్లెంతో అట్లే నిలబడిపోయింది. నాకు నంద్యాలకు ఫోనొచ్చింది. నలభై కిలోమీటర్ల పైచిలుకు దారి, సిరివెళ్ల మీదుగా, సంచిలో కొత్త రూటరుతో బయల్దేరినా.

విషయం చిన్నదే. ఒకే నెట్‌వర్కులో ఉన్న పరికరాలు మామూలుగా ఒకదానికొకటి కనిపిస్తాయి. టీవీ, ప్రింటరు, గేటు కెమెరా, పక్కింటి పిల్లోడి ఫోను, అన్నీ ఒక పంక్తిలో కూర్చున్నట్లే. ఆ ఫోన్లో ఏదైనా పాడు యాప్ దూరి ఉంటే అది మన సామాను మొత్తం తడిమి చూడగలదు. ఈ కాలం రూటర్లలో చాలావాటికి గెస్ట్ నెట్‌వర్కు అని ఒకటుంటుంది. వేరే పేరు, వేరే పాస్‌వర్డు. చుట్టానికి ఇంటర్నెట్టు దొరుకుతుంది గానీ ఇంటి పరికరాలు కనిపించవు. సెట్టింగుల్లో ఒక గడి ఉంటుంది, అతిథులు ఇంటి నెట్‌వర్కును చూడవచ్చా అని. అక్కడ టిక్కు లేకుండా చూసుకుంటే సరి.

అసలు తంటా పేర్ల దగ్గర వచ్చింది. లోపలిదానికి ‘ఇంటోళ్లు’ అన్నారు మామ, సరిపోయింది. బయటిదానికి ‘అతిథి దేవోభవ’ అనే పెట్టాలన్నారు. వైఫై పేరుకు 32 బైట్లే హద్దు. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు చాలు. మన అక్షరానికి మూడు, దానికి పెట్టిన గుడికి ఇంకో మూడు, ఏత్వానికి మరో మూడు. లెక్కేస్తే 34 తేలింది. మధ్యలో ఖాళీ తీసేసినా 33.

‘ఒకటే గదా ఎక్కువ, సర్దుకోమను’ అన్నారు మామ. జాతరరోజు బస్సులో కండక్టరు చెప్పినట్లు.

రూటరు సర్దుకోలేదు. చివరికి ‘అతిథి దేవోభ’ దగ్గర ఆగినాం, 31. మొదటిసారి చూసిన బంధువు ఒకాయన, ‘ఈ దేవోభ ఎవురు మామా, మనోళ్లేనా?’ అని అడిగినాడు.

ఇక పరికరాల పంపకం. మా గేటు కెమెరా లాంటి చవక కెమెరాల భద్రత అంతంతమాత్రం కాబట్టి వాటిని గెస్ట్‌లో పెట్టమని తెలిసినవాళ్లు చెప్తారు. పెట్టినా. ‘ఇంటికి కాపలా కాసేదాన్ని చుట్టాల్లో కలిపినావా?’ అని మామ నొచ్చుకున్నారు. టీవీ ఇంటిది. ప్రింటరు ఇంటిది. అత్తమ్మ ఫోను, మామ ఫోను, బావమరిది ఫోను ఇంటివి. తర్వాత నా ఫోను చేతిలోకి తీసుకున్నా. ఇంట్లో అందరూ ఒక్కసారి గమ్మునైపోయినారు.

అల్లుడు ఇంటోడా, చుట్టమా అని మన ఇళ్లల్లో ఎవరూ ఎవర్నీ అడగరు. అల్లుడికి మొదటి వడ్డన చుట్టమని చేస్తారు, మోటరు చెడిపోతే ఇంటోడని పిలుస్తారు. ఏది ఎప్పుడనేది అత్తమ్మలకే తెలుసు. రూటరు మాత్రం మొహమాటం లేకుండా ఇందులోనా, అందులోనా అంటుంది. అహోబిలం కొండల్లో నరసింహస్వామి కూడా చెంచులకు అల్లుడే. సంక్రాంతి తర్వాత పార్వేట ఉత్సవానికి దిగొచ్చి, నెలకు పైగా ఊరూరూ తిరిగి తన పెళ్లికి పిలుస్తాడు. ఆయనను ఏ నెట్‌వర్కులో పెడతారో అడగాలనిపించింది. అడగలేదు.

‘ఏమప్పా, నీ ఇష్టం’ అన్నారు మామ. ఆయన అలా అన్నారంటే మన ఇష్టం కాదని.

రెండిట్లోనూ పెట్టుకున్నా.

తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. లోపలిది 5 గిగాహెర్ట్‌జ్‌లో పెట్టినా, వేగం కోసం. గెస్ట్‌ది 2.4లో, ఎందుకంటే ఆ కెమెరాకు అదొక్కటే తెలుసు. 5కి వేగమెక్కువ, గోడలంటే భయమెక్కువ. అది పాత మిద్దె, జానెడు మందం రాతిగోడలు. ఇంటోళ్ల సిగ్నలు నడిమింటి గడప కూడా దాటలేదు. 2.4 మాత్రం అరుగు దాటి, వేపచెట్టు దాటి, రోడ్డు మీద ఆటోల దాకా పోయింది. మామ పగలంతా ఉండేది అరుగు మీద. రెండు రోజులు ఓర్చుకున్నారు. మూడోరోజు చుట్టాల్లో కలిసిపోయినారు. బావమరిది మేడ మీద పడుకుంటాడు, వాడూ కలిసిపోయినాడు. ఈలోగా మద్రాసు నుంచి వచ్చిన పెద్దమ్మ పెళ్లి వీడియో టీవీలో చూపించబోతే, గెస్ట్ కాబట్టి టీవీ కనిపించలేదు. ‘మనోళ్లకేం దాపరికం’ అని మామ లోపలి పాస్‌వర్డు కూడా క్యాలెండరు ఎక్కించబోయినారు.

అత్తమ్మ పెన్ను లాక్కున్నది.

ఇప్పుడు ‘ఇంటోళ్లు’లో ఉండేది టీవీ, ప్రింటరు, అత్తమ్మ ఫోను. దాని పాస్‌వర్డు అడిగినవాళ్లకు ఆమె ఒకటే జవాబు చెప్తుంది: ‘నాకేం తెలుసు నాయనా, అల్లుణ్ణి అడుగు, నంద్యాలలో ఉంటాడు.’