మళ్ళీ రేసుకి దిగేవాళ్ళకి తలకిందుల సలహాలు

కాలేజీ రోజుల్లో జిల్లా జట్టుకి ఆడినవాళ్ళు, యూనివర్సిటీ తరఫున పరుగెత్తినవాళ్ళు, సైకిల్ రేసుల్లో పతకాలు తెచ్చుకున్నవాళ్ళు ఉద్యోగం, పెళ్ళి, పిల్లలు, ఇంటి లోను అంటూ పదిహేను ఇరవై ఏళ్ళు ఆటకి దూరమైపోతారు. నలభై దాటాక ఒక రోడ్ బైక్ కొంటారు. ఆదివారం తెల్లవారుజామున హైదరాబాదు శివార్లలో గండిపేట వైపో శంకర్‌పల్లి రోడ్డు మీదో చూడండి, వాళ్ళే కనిపిస్తారు. వాళ్ళకి అందరూ చెప్పే మాట ఒకటే: ముందు బరువు తగ్గు, రోజూ తొక్కు, గట్టిగా తొక్కు, ఒళ్ళు దారికి వచ్చాక రేసు సంగతి చూద్దాం. నేను చెప్పేవి దాదాపు అన్నీ దీనికి ఎదురు. వినగానే తప్పనిపిస్తాయి. ప్రతి ఒక్కటీ నమ్మే చెబుతున్నాను.

ముందు రేసుకి పేరివ్వండి, శిక్షణ తర్వాత. ఒళ్ళు సిద్ధమయ్యాక పేరిద్దాం అనుకునేవాళ్ళకి ఆ రోజు రాదు. ఐదారు నెలల అవతల ఒక తేదీ కళ్ళ ముందు ఉంటే ఈ వారం ఏం చేయాలో దానంతట అదే తేలుతుంది. అయితే మొదటి రేసు గుంపుగా బయల్దేరేది కాకూడదు. టైమ్ ట్రయల్ ఎంచుకోండి, లేదా కొండ ఎక్కే పోటీ. ఒక్కొక్కరినీ విడివిడిగా వదులుతారు, గడియారంతోనే పోటీ, ఎవరి చక్రానికీ తగిలి పడే భయం లేదు. ఎక్కుడు అలవాటు చేసుకోవడానికి బెంగళూరులో ఉండే తెలుగువాళ్ళకి నంది హిల్స్ ఉండనే ఉంది, విశాఖ వాళ్ళకి కైలాసగిరి, హైదరాబాదు వాళ్ళకి వికారాబాద్ దగ్గర అనంతగిరి.

మీ పాత రికార్డులు ఎవరికీ చెప్పకండి, మీకు మీరు కూడా చెప్పుకోకండి. ఇదేదో వినయం కోసం అనడం లేదు. ఆట మానేసిన కొద్ది వారాల్లోనే రక్తంలో ద్రవం పాలు తగ్గుతుంది, గుండె ఒక్కో కొట్టుకి పంపే రక్తం తగ్గుతుంది. మళ్ళీ మొదలుపెడితే అవి వారాల్లోనే కొంత కోలుకుంటాయి. స్నాయువులు, మోకాలి చుట్టూ ఉండే కణజాలం అలా కాదు, వాటికి నెలలు పడుతుంది. ప్రమాదమంతా ఈ తేడాలోనే ఉంది. ఐదో వారమో ఆరో వారమో ఊపిరి హాయిగా ఆడుతుంది, పాత మనిషి తిరిగొచ్చాడనిపిస్తుంది, ఒకేసారి ఎనభై కిలోమీటర్లు కొట్టేస్తారు. మర్నాడు మోకాలు మెట్లు దిగనివ్వదు. అందుకే ఒళ్ళు బాగా తేలిగ్గా అనిపించిన వారం దూరం పెంచకండి. ఆ వారం పోయిన వారం ఎంత తొక్కారో అంతే తొక్కండి.

వేగంగా వెళ్ళాలంటే నెమ్మదిగా తొక్కండి. ఈ మాటకి రాబేర్ మార్షాన్ కన్నా మంచి సాక్షి లేడు. ఆయన 1911లో పుట్టిన ఫ్రెంచివాడు. పొట్టివాడు, సైక్లింగుకి పనికిరావని కుర్రతనంలోనే అనిపించుకున్నాడు. అగ్నిమాపక దళంలో చేశాడు, వెనిజువెలాలో లారీ నడిపాడు, కెనడాలో కలప కొట్టాడు. 68 ఏళ్ళ వయసులో మళ్ళీ సైకిలెక్కాడు. 2012లో, వందేళ్ళు నిండాక, గంటలో 24.25 కిలోమీటర్లు తొక్కాడు. 2014లో 102 ఏళ్ళ వయసులో 26.927 కిలోమీటర్లు. అంటే వందేళ్ళు దాటాక వేగం పెరిగింది. వెరోనిక్ బియా అనే శరీరధర్మ శాస్త్రవేత్త బృందం ఆయన్ని 101 ఏళ్ళ నుంచి 103 ఏళ్ళ దాకా పరీక్షించింది. కిలో బరువుకి నిమిషానికి శరీరం వాడుకోగల ఆక్సిజన్ 31 మిల్లీలీటర్ల నుంచి 35కి చేరింది. కాళ్ళు చూపిన గరిష్ఠ శక్తి 90 వాట్ల నుంచి 125కి పెరిగింది. ఆ రెండేళ్ళూ ఆయన ఏడాదికి సుమారు 5,000 కిలోమీటర్లు తొక్కాడు. అందులో 80 శాతం తేలిగ్గా, 20 శాతం మాత్రమే కష్టపడి.

మన దగ్గర లెక్క తిరగబడి ఉంటుంది. ప్రతి రైడూ సగం కష్టంగా, సగం తేలిగ్గా సాగుతుంది. తేలిక రైడుకి అది ఎక్కువ, కష్టం రైడుకి తక్కువ. తేలిక రైడంటే పక్కవాళ్ళతో పూర్తి వాక్యాలు మాట్లాడగలగాలి. అవతలివాడు దాటిపోతే పోనివ్వాలి. అన్నిటికన్నా కష్టం ఇదే. హైదరాబాదులో ఇందుకు మంచి చోటు ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 2023 అక్టోబరు 1న తెరిచిన 23 కిలోమీటర్ల సోలార్ సైకిల్ ట్రాక్. పైన కప్పు ఉంది, లారీల గొడవ లేదు. అక్కడ గంటన్నర నెమ్మదిగా తొక్కి, వారంలో ఒక్కరోజు మాత్రం ఊపిరి అందనంతగా నాలుగు నిమిషాల చొప్పున నాలుగైదు సార్లు చేయండి. మిగతా రోజుల్లో ఆ పని జోలికి పోకండి.

చిన్న గేరు వాడండి. ఒకప్పటి రేసు బండ్లలో ముందు 39 పళ్ళు, వెనక 23 లేదా 25 ఉండేవి. ఎక్కుడులో నిలబడి, నిమిషానికి యాభై సార్లు పెడల్ తొక్కుతూ వెళ్ళడం మగతనమనుకునేవాళ్ళు. ముందు 34, వెనక 34 పెట్టించుకోండి. ఎనభై తొంభై సార్లు తేలిగ్గా తిరిగే పెడల్ మోకాలిని కాపాడుతుంది. టైర్లలో గాలి కూడా తగ్గించండి. సన్నటి 23 మిల్లీమీటర్ల టైరులో 120 పీఎస్ఐ కొట్టి రాయిలా చేయడం పాత పద్ధతి. మన తారు రోడ్ల మీద అంత గట్టి టైరు ప్రతి గరుకుకీ ఎగురుతుంది, ఆ అదురులో మీ శ్రమ పోతుంది. 28 మిల్లీమీటర్ల టైరుకి, డెబ్భై కిలోల మనిషికి, 65 నుంచి 75 చాలు. చేతులకి హాయి, మలుపులో పట్టు, వేగం కూడా తగ్గదు.

బరువు తగ్గడానికి సైకిల్ తొక్కకండి. ఈ మాట మీద నాకు చాలా కోపం తెచ్చుకున్నవాళ్ళున్నారు. పొద్దున నాలుగున్నరకి ఖాళీ కడుపుతో బయల్దేరి, మూడు గంటలు తొక్కి, ఇంటికొచ్చి రెండు ఇడ్లీలతో సరిపెట్టుకునేవాళ్ళని చూస్తే నాకు బాధేస్తుంది. కండరాల్లో, కాలేయంలో దాచుకున్న పిండిపదార్థం గట్టి రైడులో గంటన్నర, మహా అయితే రెండు గంటలు వస్తుంది. అది అయిపోయాక కళ్ళు తిరుగుతాయి, పక్కన లారీ వస్తున్నా తోచదు. శిక్షణ నెలల్లో తిండి కోస్తే నలభై దాటిన ఒంట్లో కొవ్వుతో పాటు కండ కూడా పోతుంది, అది తిరిగి రావడం కష్టం. రైడు గంట దాటితే గంటకి 60 గ్రాముల పిండిపదార్థం లోపలికి పోవాలి. ఒక మోస్తరు అరటిపండులో 25 గ్రాములకు కాస్త పైన ఉంటుంది. ఒక పండు, ఒక బెల్లం ముక్క, నాలుగు ఖర్జూరాలు జేబులో వేసుకుంటే గంట గడిచిపోతుంది. ఆకలి వేశాక తింటే ఆలస్యమైనట్టే, అందుకే ప్రతి ఇరవై నిమిషాలకీ కొంచెం. ఎండాకాలంలో ఒక సీసాలో మామూలు నీళ్ళు, ఇంకో సీసాలో ఓఆర్ఎస్. ఇంటికొచ్చాక ఉప్పు వేసిన మజ్జిగ, గుడ్లు, పప్పన్నం. కడుపు నిండా.

మెత్తటి జెల్ సీటు తీసేసి గట్టి సీటు వేయించండి, మీ కూర్చునే ఎముకల వెడల్పుకి సరిపోయేది. ప్యాడ్ ఉన్న షార్ట్స్ లోపల డ్రాయరు వేసుకోకండి, కుట్ల దగ్గర ఒరుసుకుని పుండ్లు పడతాయి. హ్యాండిల్ పాత ఫొటోలో ఉన్నంత కిందికి దించకండి. నడుము అప్పటిది కాదు.

గుంపు రేసుకి దిగే రోజు వచ్చాక, దాక్కోండి. ముందుకెళ్ళి లాగాలన్న ఉబలాటం మనవాళ్ళకి ఎక్కువ. గాలిని చీల్చడానికి కావలసిన శక్తి వేగం రెట్టింపయితే ఎనిమిది రెట్లవుతుంది. ముందున్న చక్రానికి దగ్గరగా ఉంటే సుమారు మూడో వంతు శ్రమ మిగులుతుంది. టోక్యో ఒలింపిక్స్‌లో అన్నా కీసెన్‌హోఫర్ మొదట్లోనే విడిపోయి, చివరి 40 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి బంగారు పతకం గెలిచింది కదా అంటారు. ఆమె గణితశాస్త్రవేత్త. జట్టు లేకుండా తన శిక్షణ తనే నడుపుకుంటూ, తన శక్తి ఎంతో తెలుసుకుని చేసిన పని అది. మొదటి ఏడాది మనకి ఆ తెలివి ఉండదు. ముందున్న చక్రాన్ని కాకుండా ఆ మనిషి భుజం మీదుగా దారి చూడండి. గుంత కనిపిస్తే గట్టిగా అరచి చెప్పండి, చేత్తో చూపించండి. హఠాత్తుగా బ్రేకు వేయకండి. ఇవన్నీ ముందు ఇద్దరు ముగ్గురు తెలిసినవాళ్ళతో చేసి చూసుకోవాలి, రేసులో నేర్చుకునేవి కావు.

వారంలో రెండు రోజులు సైకిల్ ముట్టుకోకండి. ఒకరోజు బరువులెత్తండి. సైక్లింగులో ఎముక మీద భారం పడదు కాబట్టి అది ఒక్కటే చేసేవాళ్ళ ఎముకలు పలచబడే ప్రమాదం ఉంది. ఇంకోరోజు నిద్రపోండి. క్రిస్టిన్ ఆర్మ్‌స్ట్రాంగ్ రెండుసార్లు ఆటకి స్వస్తి చెప్పి, మధ్యలో తల్లయి, 2016లో రియోలో తన 43వ పుట్టినరోజుకి ముందురోజు మూడో ఒలింపిక్ టైమ్ ట్రయల్ స్వర్ణం గెలిచింది. విరామం తీసుకుంటే అంతా పోతుందని భయపడేవాళ్ళు ఆమెని గుర్తు పెట్టుకోవాలి.

ఇన్ని మాటల్లో ఒక్కటి మాత్రం అందరూ చెప్పేదే, నేనూ అదే చెబుతున్నాను. నలభై దాటినవాళ్ళు, ఇంట్లో గుండె జబ్బు, షుగర్, బీపీ ఉన్నవాళ్ళు గట్టి శిక్షణ మొదలుపెట్టే ముందు డాక్టరుని కలవండి, ఈసీజీ, టీఎంటీ అవసరమా అని అడగండి. తొక్కేటప్పుడు ఛాతీ పట్టేసినా, ఎడమ చెయ్యి లాగినా, దవడ నొప్పి పెట్టినా గ్యాస్ అనుకోకండి. సైకిల్ అక్కడే పక్కన పెట్టి ఆసుపత్రికి వెళ్ళండి. అంతా బాగుందని డాక్టరు చెప్పిన సాయంత్రమే ఐదారు నెలల అవతలి టైమ్ ట్రయల్‌కి పేరివ్వండి.