ప్యాకెట్టు వెనక పట్టికను

నేను మిక్చర్ ప్యాకెట్టు వెనకవైపు అచ్చేసిన పోషక విలువల పట్టికను. అగ్గిపెట్టెంత ఉంటాను. ద్వారకా తిరుమల కొండ కింద ఒక కొట్టు ముందు, తోరణంలా వేలాడే దండలో వారం రోజులున్నాను.

చినవెంకన్న దర్శనానికి ఏలూరు నుంచీ తాడేపల్లిగూడెం నుంచీ కొల్లేటి లంకల నుంచీ వచ్చినవాళ్లు నన్ను తిప్పి చూసేవారు. ముందు ధర, తర్వాత తారీఖు. మొక్కు తీర్చుకునే రోజు కదా, శాకాహారమని చెప్పే పచ్చ చుక్క తప్పకుండా చూస్తారు. ఏడాది పొడవునా చేపల చెరువు గట్టున బతికేవాళ్లు కూడా ఆ చుక్క కోసం వెతుకుతారు. ఆ నిష్ఠంటే నాకు గౌరవం. అంత శ్రద్ధగా వెతికే కళ్లు నా దాకా మాత్రం రావు.

హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థవాళ్లు ఢిల్లీ, హైదరాబాద్ సూపర్ మార్కెట్లలో ఇదే ఆరా తీశారు. 2014లో ఫలితాలు అచ్చయ్యాయి. 81 శాతం మంది తారీఖు చూస్తారట. పోషకాల సంగతి చూసేది మూడోవంతే. అర్థం కావన్నారు చాలామంది.

వాళ్ల తప్పేముంది? నన్ను ఇంగ్లీషులోనో హిందీలోనో వేస్తే చట్టానికి చాలు, తెలుగు తప్పనిసరి కాదు. పైగా ఉప్పును నేను సోడియం అంటాను. వంద గ్రాములకు 800 మిల్లీగ్రాములని నా ఒంటిమీద ఉంది. రెండున్నరతో హెచ్చవేస్తే 2 గ్రాముల ఉప్పు. మనిషికి రోజంతటికీ 5 గ్రాములు దాటకూడదు. ఈ హెచ్చవేతలు కొట్టు ముందు నిలబడి ఎవరు చేస్తారు? చిలీలో 2016 నుంచి సోడియం మితిమీరితే ప్యాకెట్టు ముందువైపే నల్లటి ఎనిమిది మూలల ముద్ర వేస్తున్నారు. మన దేశంలో 2022లో, తిండి ఎంత మంచిదో చెప్పే నక్షత్రాల గుర్తులకు ముసాయిదా తెచ్చారు. నాకు నక్షత్రాలు వద్దు. 'ఉప్పు ఎక్కువ' అని రెండు తెలుగు మాటలు, పచ్చ చుక్క పక్కనే వెయ్యండి.

ఈ సాయంత్రం, గుండు మీద గంధం ఇంకా ఆరని మనవణ్ణి వెంటేసుకుని ఒకావిడ వచ్చింది.

"ఒరేయ్ నాన్నా, వెనకాల ఏదో రాశారు, చదువు. నన్ను ఉప్పు తగ్గించమన్నారు డాక్టరుగారు."

వాడు నామీద వేలు పెట్టి ఒక్కో అక్షరం కూడబలుక్కున్నాడు. ఇన్నాళ్లకు నన్ను చదివింది వాడొక్కడే.

"ఇక్కడ ఉప్పని లేదమ్మమ్మా. సోడియం అని ఉంది."

"అయితే తీసుకో."

బస్సు భీమడోలు దాటేసరికి సగం ప్యాకెట్టు అయిపోయింది.