నాలుగు వేళ్ల గ్యాప్

గోదావరి జిల్లాల్లో ఈమధ్య అన్నీ పైకే పోతున్నాయి. స్థలాల ధర పైకి, రొయ్యల చెరువు గట్టు పైకి, రోడ్డు మీదే రోడ్డు వేసుకుంటూ పోతారు కాబట్టి రోడ్డు పైకి, ఆ రోడ్డు దెబ్బకి పల్లంలో పడ్డ పాత ఇళ్లు జాకీల మీద పైకి. కారు కొనేవాడు మైలేజీ అడిగాక రెండో మాటగా అడిగేది 'కింద తగలదు కదా?' అనే. ఇలాంటి గడ్డ మీద పుట్టి, ఈ కాలవ నీళ్లే తాగి, మా బామ్మర్ది ఒక్కడికే కిందికి దిగాలని బుద్ధి పుట్టింది.

వాడిది తెల్ల స్విఫ్ట్. రోజూ దానిమీదే ఆఫీసుకి పోతూ దారిలో నన్ను మా ఆఫీసు దగ్గర దింపుతాడు. పెట్రోలు సగం నాది. కాబట్టి ఈ వ్యవహారంలో నేను సాక్షిగా మాట్లాడటం లేదు, భాగస్తుడిగా మాట్లాడుతున్నాను.

"బావా, ఒకసారి ఇలా కూర్చోండి" అంటూ ఓ ఆదివారం వాడు ముందు టైరు పక్కన గొంతుక్కూర్చున్నాడు. టైరుకీ, పైనున్న రేకు అంచుకీ మధ్య చెయ్యి దూర్చాడు. నాలుగు వేళ్లు అడ్డంగా పట్టాయి.

"చూశారా, ఎంత అసహ్యంగా ఉందో!"

నేను చూశాను. అక్కడున్నది గాలి. గాలి అసహ్యంగా ఉంటుందని నాకు అంతవరకూ తెలియదు.

"దీన్ని వీల్ గ్యాప్ అంటారు. ఒక్క వేలే పట్టాలి. అప్పుడు కారు రోడ్డుకి అతుక్కున్నట్టు ఉంటుంది."

"అతుక్కుంటే నడిచేదెలాగరా?"

"లుక్కు బావా, లుక్కు!"

వాడి వాదనలో పస లేకపోలేదు. మన దగ్గర అమ్మిన ఆ మోడల్‌కి నేలకీ అడుగుకీ మధ్య జాగా 163 మిల్లీమీటర్లు. అదే కారుకి జపాన్ కాగితాల్లో రాసింది 120. మన రోడ్ల సంగతి ఎరిగినవాళ్లు కాబట్టి కంపెనీవాళ్లు ఎత్తు పెంచి పంపారని నేను అనుకుంటే, జపాన్‌వాళ్లకిచ్చిన అందాన్ని మనకి ఎగ్గొట్టారని వాడు అనుకున్నాడు.

ఇక ఖర్చు. ఎత్తు తిప్పుకునే కాయిలోవర్లు వేయించాలంటే లక్షకి దగ్గర్లో ఉంది. పొట్టి స్ప్రింగులు విడిగా తెప్పించినా వేలల్లో మాటే. వాడి బడ్జెట్లో ఇమిడే మార్గం ఒక్కటే: ఉన్న స్ప్రింగుని గ్రైండర్‌తో ఒక చుట్టు కోసి పారేయడం. కటింగ్ వీల్ ఖరీదు మా ఇద్దరి టిఫిన్ బిల్లు కన్నా తక్కువ.

స్ప్రింగు కోస్తే కారు కిందికి దిగుతుంది, నిజమే. దాంతోపాటు స్ప్రింగు గట్టిపడుతుంది కూడా. ఆరు చుట్లుండి ఒకటి పోతే మిగిలిన అయిదూ 20 శాతం ఎక్కువ బిరుసెక్కుతాయి. పైగా కారు కిందికి దిగాక షాక్ అబ్జార్బర్ లోపలికి పోవడానికి మిగిలే జాగా తగ్గిపోతుంది. గుంట వస్తే కడ్డీ వెళ్లి చివరనున్న రబ్బరు బంప్ స్టాప్‌ని గుద్దుకుంటుంది. ఆ రబ్బరు దాటితే తర్వాతది మన వెన్నుపూస. మెకానిక్ ఈ మాటే చెప్పబోయాడు. "కమాన్ కట్టలతో లారీలు నడవట్లేదా?" అని బామ్మర్ది అడ్డు తగిలాడు. లారీలో కూర్చున్నవాణ్ణి ఎవరూ అడగరు కదా.

చట్టం కూడా గుర్తు చేశాను. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్, కంపెనీ ఇచ్చిన కొలతలు మార్చకూడదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు చెప్పిన మాట, 182ఎ కింద మార్పుకి అయిదు వేల జరిమానా, లేదంటే ఆరునెలల దాకా జైలు. వాడు నాకు బదులుగా అమెరికా చరిత్ర చెప్పాడు. లాస్ ఏంజెలిస్‌లో మెక్సికో మూలాలున్న కుర్రాళ్లు 1940ల్లోనే కార్లు కిందికి దించుకున్నారట. డబ్బుల్లేక మొదట్లో డిక్కీలో ఇసుక బస్తాలూ సిమెంటు బస్తాలూ వేసుకునేవారట. చక్రం రిమ్ము అంచు కన్నా కారు ఏ భాగమూ కిందికి రాకూడదని కాలిఫోర్నియా ప్రభుత్వం చట్టం తెచ్చింది. రాన్ అగిర్రే అనే కుర్రాడు 1959లో తన కార్వెట్‌కి విమానాల తాలూకు హైడ్రాలిక్ పంపులు బిగించి, పోలీసు కనిపిస్తే కారు పైకి, పోయాక కిందికి ఆడించాడు. వింటున్నంతసేపూ నాకు ఇసుక బస్తాల దగ్గరే మనసు నిలిచిపోయింది. సంక్రాంతి వెళ్లాక ఊరి నుంచి హైదరాబాదు తిరుగుప్రయాణమైన ఏ కారుని చూసినా చాలు. రెండు బియ్యం బస్తాలు, కొబ్బరికాయలు, ఆవకాయ జాడీ, అరిసెల డబ్బాలు, వెనకసీట్లో నలుగురు. టైరు మీద వేలు కూడా పట్టదు. ఆ లెక్కన మనవాళ్లంతా ఏడాదికోసారి పైసా ఖర్చు లేకుండా లోయరింగ్ చేయించుకుంటూనే ఉన్నారు.

అయినా కోశాడు. కారు చూడ్డానికి బాగుందనే చెప్పాలి. పక్కనుంచి చూస్తే ఏదో పందేనికి సిద్ధమైనట్టు ఉంది. కదిలితేనే ఇబ్బంది.

స్పీడ్ బ్రేకర్ ఎలా ఉండాలో ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ రాసిపెట్టింది: 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గంటకి పాతిక కిలోమీటర్ల వేగంతో హాయిగా దాటేలా. మా దారిలోవి అలాంటివి కావు. మేడ శ్లాబు వేశాక మిగిలిన కాంక్రీటుని ఇంటివాళ్లు రోడ్డుకి అడ్డంగా పోసి, తాపీతో రెండు దెబ్బలు వేసి వదిలేసినవి. వీటిని దాటడానికి మా వాడు ఒక పద్ధతి కనిపెట్టాడు. కారు ఆపుతాడు. "బావా, కాస్త దిగుతారా?" అంటాడు. నేను దిగి, ఆఫీసు బ్యాగుతో స్పీడ్ బ్రేకర్‌ని కాలినడకన దాటి అవతల నిలబడతాను. వాడు స్టీరింగు పూర్తిగా తిప్పి, ఒక్కో చక్రాన్నే ఎక్కిస్తూ, ఏటవాలుగా వస్తాడు. ఎంత మెల్లిగా వచ్చినా కింద ఛాంబర్ దగ్గర గర్రుమంటుంది. వాడు కళ్లు మూసుకుంటాడు. నేను ఎక్కుతాను. మొదట్లో జనం "బండి ఆగిపోయిందాండీ, తొయ్యమంటారా?" అని పరిగెత్తుకొచ్చేవారు. ఇప్పుడు టీకొట్టు దగ్గరివాళ్లు "బావగారు దిగారు" అని ఒకరికొకరు చెప్పుకుంటున్నారు.

మా అత్తయ్యగారు ఒక్కసారే ఎక్కారు. ఎక్కడం సులువే, కూలబడటమే కదా. దిగడానికే ఇద్దరం చేతులివ్వాల్సి వచ్చింది.

ఇంతలో మామగారి ఇల్లు లేపే పని మొదలైంది. రోడ్డు వేసి వేసి, వానాకాలంలో వీధి నీళ్లన్నీ వాళ్ల హాల్లోకే వస్తున్నాయి. మేస్త్రీ మనుషులు పునాది పక్కన తవ్వి, గోడల కింద ఇనప ఛానెళ్లు దూర్చి, వరసగా జాకీలు పెట్టారు. మేస్త్రీ కేక వేస్తే అందరూ ఒక్కసారే తిప్పుతారు. ఇల్లు కదిలినట్టే ఉండదు గానీ లేస్తుంది. అత్తయ్యగారు లోపల పప్పు పొయ్యి మీద పెట్టి, ఎన్ని అంగుళాలు వచ్చిందో కిటికీలోంచి కనుక్కుంటూ ఉండేవారు. మొత్తం మూడడుగులు లేపారు. అయ్యాక చూస్తే కారు లోపలికి ఎక్కాలంటే ర్యాంపు కావాలి. బామ్మర్ది కారు అడుగు తగలకూడదంటే ఎనిమిది అడుగులకి ఒక అడుగు చొప్పున వాలు ఉండాలని లెక్క తేలింది. అంటే 24 అడుగుల ర్యాంపు. పోర్టికోకీ గేటుకీ మధ్య మూడడుగులు, వీధి వెడల్పు ఇరవై. ర్యాంపు మా గేటు దాటి, వీధి దాటి, ఎదురింటివాళ్ల గేటులో ఒక అడుగు లోపల దిగుతుంది. మామగారు ఆ కాగితం చూసి కొడుకుని ఏమీ అనలేదు. అంతకన్నా ప్రమాదం లేదు.

కారు వీధిలోనే ఉండిపోయింది. అక్కడే ఓ పొద్దున్న వెనక టైరు పంక్చరైంది. గాలి పోయిన కారు కిందికి జాకీ దూరలేదు. మేస్త్రీ చూసి, "ఇంత ఇంటికి జాకీ పెట్టాం గానీ, దీనికి పెట్టడానికి చోటేదండీ?" అని, పనివాళ్ల దగ్గర చెక్క తెప్పించి, దానిమీదకి చక్రం ఎక్కించి, జాకీ తోయించాడు. కారు లేచింది. లేచాక లోపల ఏదో ఠంగుమంది. స్విఫ్ట్‌లో వెనక స్ప్రింగులు షాక్‌తో కలిసి ఉండవు, ఇరుసుకీ బాడీకీ మధ్య విడిగా కూర్చుంటాయి. బరువు మీదున్నంతసేపే వాటికి పట్టు. చుట్టు కోసిన స్ప్రింగు కాబట్టి బరువు తీయగానే వదులై, జారి, దొర్లుకుంటూ వెళ్లి మామగారి చెప్పుల దగ్గర ఆగింది.

ఆయన వంగి తీసుకున్నారు. కోసిన అంచుని బొటనవేలితో తడిమి చూశారు. కొడుకు వైపు చూడకుండా మేస్త్రీతో అన్నారు:

"పనిలో పనిగా దీన్ని కూడా ఎత్తేయవయ్యా. ఇంటికి చదరపు అడుగు లెక్కే కదా నువ్వు తీసుకుంది?"

మేస్త్రీ నవ్వలేదు. టేపు తీసి కారు పొడుగూ వెడల్పూ కొలిచాడు.

"డెబ్బై రెండు అడుగులు వస్తుందండీ. వందలోపు పని మేం పట్టుకోమండి."