జీతం లేని జమీందార్లు

రెడిట్ అనే చర్చా వెబ్‌సైట్‌లో రాసేది జనం. చెత్త ఊడ్చేది జీతం లేని మోడరేటర్లు. 2023లో కంపెనీ బయటి యాప్‌లకు డేటా వాడకంపై రేటు కట్టింది. అలాంటి యాపే అయిన అపోలో తయారీదారు లెక్కేస్తే ఏడాదికి 2 కోట్ల డాలర్లు తేలింది! జూన్ 30న దుకాణం కట్టేశాడు. అంతకుముందే ఈ రేటుకు నిరసనగా మోడరేటర్లు వేలాది గ్రూపులను 48 గంటలు బంద్ చేశారు. (ఎప్పుడు ముగుస్తుందో ముందే చెప్పే బంద్‌కు ఏ యజమాని జడుస్తాడు?) ఇదీ సద్దుమణుగుతుందిలే అని సీఈఓ స్టీవ్ హఫ్‌మన్ సిబ్బందికి రాశారు. పైగా మోడరేటర్లను భూస్వాములతో పోల్చారు. కౌలు రాదు, కూలి రాదు, సెంటు భూమి లేదు. బిరుదు మాత్రం దక్కింది! 2024 మార్చిలో రెడిట్ షేర్లు మార్కెట్‌కెక్కాయి. మోడరేటర్లనూ మరచిపోలేదండోయ్... సొంత డబ్బుతో షేర్లు కొనుక్కునే అవకాశమిచ్చారు!