బంగారు గుర్తు చూసి కొన్నాను

అమెరికా వెళ్ళాలని చదివి, వీసా రాక జర్మనీ చేరినవాణ్ణి నేను. ఆ కోరిక చచ్చిపోయిందనే అనుకున్నాను. కొలోన్‌లో ఉద్యోగం కుదిరాక కొన్న మొదటి కారుతో అది బయటపడింది. సెకండ్‌హ్యాండ్ షెవ్రొలే క్రూజ్. గ్రిల్ మధ్యలో బంగారు రంగు బో-టై గుర్తు. ఇంజిన్ ఎలా ఉందో, ఎన్ని చేతులు మారిందో సరిగ్గా అడగనే లేదు. ఆ గుర్తు బాగా కనబడేలా ఫొటో తీసి తెనాలికి పంపాను.

"అమెరికా కారేనా రా?" అన్నారు నాన్న. "అవును నాన్నా, అమెరికాదే" అన్నాను. ఆయన చిన్నతనంలో ఊళ్ళో రైసుమిల్లు షావుకారుకు ఒక షెవ్రొలే ఉండేదట. కొడుకూ అదే కొన్నాడని వీధిలో కనబడినవాళ్ళందరికీ ఆ ఫొటో చూపించారు.

యూరప్ రోడ్ల మీద అమెరికా కార్లు అరుదని అప్పట్లో నా గట్టి నమ్మకం. సినిమాల్లో చూసినటువంటి బండ్లు నిజంగానే ఇక్కడ తక్కువ. ఫోర్డ్ ఎఫ్-150 పికప్ వెడల్పు అద్దాలు కలపకుండానే రెండు మీటర్లు దాటుతుంది, దాన్ని ఇక్కడి పాత వీధుల్లో పార్క్ చేయడం ఒక యజ్ఞం. పెట్రోలు మీద పన్ను మోత సరేసరి. ఆ ఆకారం కనబడలేదు కాబట్టి అమెరికా కంపెనీలే లేవనుకున్నాను. రోజూ నా పక్కనుంచి వెళ్ళే ఫోర్డ్ ఫియెస్టాలు, ట్రాన్సిట్ వ్యాన్లు, ఓపెల్ కోర్సాలు నా లెక్కలోకే రాలేదు.

మా కింది ఇంట్లో ఒక పెద్దాయన ఉంటారు. తండ్రి వెంట టర్కీ నుంచి కుర్రవాడిగా వచ్చి, కొలోన్‌లోనే నీల్ పేటలోని ఫోర్డ్ ఫ్యాక్టరీలో తలుపులు బిగించే పనిలో రిటైరయ్యారు. ఒక అక్టోబరులో చలికాలం టైర్లు మార్చుకోవడానికి నాకు సాయం వచ్చారు. నట్లు బిగిస్తూ నా కారు గురించి ఏదో అడిగితే, నేను నోటికొచ్చింది అనేశాను: "మీ ఫోర్డ్ పేరుకే అమెరికాదండీ. అసలైన అమెరికా కారంటే నాది." వాళ్ళమ్మాయి నడిపే చిన్న ఫోర్డ్ కా ప్లస్‌ని కూడా చూపించి, అది మరీ నాసిరకం అన్నాను.

ఆయన మాట్లాడలేదు. చివరి నట్టు బిగించి, చేతులు తుడుచుకుని, తన పాత ఫియెస్టా దగ్గరికి రమ్మన్నారు. తలుపు మూసి, తలుపుకీ బాడీకీ మధ్య సందులో బొటనవేలి గోరు పెట్టి పైనుంచి కిందిదాకా లాగారు. గోరు ఎక్కడా ఇరుక్కోలేదు, ఎక్కడా వదులవలేదు. "ఇదీ నా పని" అన్నారు. ఆ మాట నాకు అప్పుడు ఎక్కలేదు. ఆయన బాధపడ్డారని కూడా గమనించలేదు.

తర్వాత నా కారులో కూలెంట్ కారడం మొదలైంది. షెవ్రొలే యూరప్ నుంచి తప్పుకుంటున్నట్టు 2013 డిసెంబరులోనే ప్రకటించారు కాబట్టి ఓపెల్ బండ్లు చూసే షెడ్డుకు తీసుకెళ్ళాను. మెకానిక్ అల్మారాలోంచి ఓపెల్ ఆస్ట్రాకు వేసే థర్మోస్టాట్ భాగమే తీసి బిగించాడు. ఇంజిన్ ఒకటేనట. విండ్‌షీల్డ్ కింది మూలలో ఉన్న ఛాసిస్ నంబరు మీద వేలుపెట్టి చూపించాడు. కె, ఎల్ అక్షరాలతో మొదలైంది. కొరియా బండి. 2005 నుంచి ఇక్కడ షెవ్రొలే పేరుతో అమ్మినవి ఎక్కువగా కొరియా కంపెనీ దేవూ కార్లేనని, నా క్రూజ్ కూడా ఆ కొరియా ఫ్యాక్టరీలదేనని అప్పుడు తెలిసింది.

ఆ రాత్రి కూర్చుని చదివాను. ఫోర్డ్ 1911లోనే మాంచెస్టర్‌లో కార్లు బిగించడం మొదలుపెట్టింది. 1930లో కొలోన్ ఫ్యాక్టరీకి శంకుస్థాపన చేసింది సాక్షాత్తూ హెన్రీ ఫోర్డ్, పక్కన అప్పటి నగర మేయర్ కొన్రాడ్ అడెనవర్. నేను అచ్చ జర్మన్ అనుకున్న ఓపెల్‌కి 1929 నుంచి 2017 దాకా యజమాని షెవ్రొలే సొంతదారైన అమెరికా జనరల్ మోటార్సే. ఇరుకు వీధులకూ ఖరీదైన పెట్రోలుకూ తగ్గట్టు ఇక్కడి ఇంజనీర్లు గీసి, ఇక్కడి కార్మికులు బిగించిన అమెరికా కంపెనీ కార్ల మధ్యే నేను తిరుగుతున్నాను.

పొద్దున్నే వెళ్ళి పెద్దాయనకు క్షమాపణ చెప్పాను. టీ పోశారు. వెళ్ళేటప్పుడు వాళ్ళమ్మాయి కా ప్లస్ ముందద్దం దగ్గర ఆగి ఛాసిస్ నంబరు చదివాను. ఎం, ఎ, జె. భారత్ ఫోర్డ్ కోడ్. గుజరాత్‌లోని సానంద్‌లో తయారై ఓడెక్కి వచ్చిన బండి! మనవాళ్ళు చేసిన కారును నాసిరకమని, అదీ అమెరికా పేరు చెప్పుకుని తిట్టాను. ఆ సిగ్గు ఇంకా పోలేదు. నాన్నకు ఫోన్ చేసి రెండు కార్ల సంగతీ చెప్పాను, ఆయన ఇక ఆ ఫొటో చూపించడం మానేశారు.

నీల్‌లో చివరి ఫియెస్టా 2023 జులైలో బయటికొచ్చింది. ఇప్పుడక్కడ చేసే ఎలక్ట్రిక్ ఎక్స్‌ప్లోరర్‌కు అడుగుభాగం ఫోక్స్‌వాగన్‌ది. 2024లో ఫోర్డ్ యూరప్ మొత్తమ్మీద 4,000 ఉద్యోగాలు తీసేస్తామని ప్రకటించింది, అందులో ఎక్కువ జర్మనీలోనే. పెద్దాయన అల్లుడు అదే ఫ్యాక్టరీలో ఉన్నాడు. మెట్ల దగ్గర ఎదురైతే, అల్లుడి పని సంగతి ఏమైందని ముందుగా అడుగుతాను.