కోటల దొంగలు, కొండ దేవతలు

జపాన్ బేస్‌బాల్ వార్తలు గుండె జబ్బువాళ్లు చదవకూడదు. పేరాకు రెండు చావులైనా ఉంటాయి. ఆటలో బేస్‌ను వాళ్లు 'రుయి' అంటారు, అంటే కోట బురుజు. పరుగెత్తేవాడు 'సోషా'. బంతి విసిరేవాడి కళ్లుగప్పి పక్క బేస్‌కు ఉరికితే 'తోరుయి', బురుజు దొంగతనం. దొరికిపోయాడా, చచ్చినట్టే. ఒక అవుట్‌కు 'ఇష్షి', ఒక చావు, అని లెక్క రాస్తారు. ఒకే ఊపులో ఇద్దరు పోతే జంట హత్య. వెంట్రుకవాసిలో బేస్ చేజారినవాడిది 'ఫున్షి', కడుపుమంటతో చావడం. అన్నీ దాటి ఇల్లు చేరినవాడిది 'సెయికాన్', ప్రాణాలతో తిరిగిరావడం. చెడుగుడులో చచ్చి బతికే మనకు ఇదేం పెద్ద వింత కాదులెండి. నాకు బాగా నచ్చింది మాత్రం 'జాన్‌రుయి'. ఇన్నింగ్స్ ముగిసేసరికి చావకా, ఇల్లు చేరకా బురుజు మీదే ఉండిపోయినవాడి స్థితి అది. ప్రమోషన్ లేకుండా అదే సీట్లో పాతుకుపోయిన నాలాంటి గుమాస్తాకు ఇంతకన్నా మర్యాదైన మాట దొరకదు.

'సోషా'ను ఆటలోకి తెచ్చిన ఘనత కోచ్‌లది కాదు, హైకూ కవి మసవొకా షికిది. చిన్ననాటి పేరు నొబోరు కావడంతో, బంతి కలిసొచ్చేలా 'నో-బోరు' అని సంతకం పెట్టేవాడు. పోయిన వందేళ్లకు, 2002లో, బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో చేర్చారు.

బురుజు దొంగల్లో దొర యుతాకా ఫుకుమొతో. మొత్తం 1065 కొట్టేశాడు, 1972లోనే 106. 1983లో ప్రపంచ రికార్డు బద్దలుకొడితే ప్రభుత్వం పురస్కారం ఇస్తానంది. అది పుచ్చుకుంటే ఇక రోడ్డు పక్కన నిలబడి పని కానిచ్చుకోలేనని వద్దన్నాడట!

రోడ్డు పరుగులో చావులుండవు. జనవరి 2, 3 తేదీల్లో టోక్యో నుంచి హకోనె కొండలకు పోయి తిరిగొచ్చే యూనివర్సిటీల రిలేలో, జట్టుకు పదిమంది భుజాన పట్టీ మార్చుకుంటూ దాదాపు 217 కిలోమీటర్లు పరుగెడతారు. ముందున్నవాళ్లను వరసపెట్టి దాటేస్తే 'గొబొనుకి'. గొబొ అంటే వాళ్లు వండుకునే పొడుగాటి వేరు, దాన్ని నేలలోంచి లాగినట్టన్నమాట. వెనకబడ్డవాడు, పాపం, కూరలోకి పోయినట్టే.

ఐదో అంచె చాలామటుకు కొండ ఎక్కుడే. దాన్ని ఊదేసినవాడికి 'యామా నొ కామి', కొండ దేవత, అని బిరుదు. 2009 నుంచి 2012 దాకా తొయొ యూనివర్సిటీ కుర్రాడు ర్యూజి కషివబరా దాన్ని మోశాడు. జపాన్ మగాళ్లు సరదాకు పెళ్లాన్నీ అదే మాట అంటారు. అతనికి కొండెక్కితేగానీ రాని బిరుదు, ఆడదానికి పెళ్లి చేసుకుంటే చాలు.

ఇది మా ఆయనకు చదివి వినిపించాను.

"అయితే ఇప్పుడేమంటావ్?" అన్నారు పేపరు దించకుండా.

పిండి మర దాకా పరుగెత్తి రమ్మన్నాను. ఆయన కదల్లేదు, మా అబ్బాయిని పంపారు. బేస్‌బాల్‌లో దీనికీ మాటుంది: 'దైసో', ఒకడి బదులు ఇంకొకడు పరుగెత్తడం.